పికిలిపిట్ట గూళ్లు ఏడు, నిలిచినవి రెండు. తప్పు నాదేనా?

యలహంక_శ్రీను
ఫిబ్రవరి నుంచి మా లేఅవుట్‌లో పికిలిపిట్టల (బుల్‌బుల్) గూళ్లు లెక్కపెడుతున్నా. నెత్తిన నల్ల తురాయి, చెంప మీద ఎర్ర మచ్చ ఉంటుందే, ఆ రకం. కంచె మొక్కల్లో నాలుగు, బాల్కనీ కుండీల్లో రెండు, జిమ్ పక్క బోగన్‌విలియాలో ఒకటి, మొత్తం ఏడు దొరికాయి. ఎన్ని గుడ్లు, ఏ రోజు పిల్లలు బయటికొచ్చాయి, గంటకు ఎన్నిసార్లు మేత తెస్తున్నాయి, అన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తున్నా. ఆఫీసు క్యాబ్ రాకముందు ఒకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి చూస్తాను.

ఏడింటిలో రెండింట్లోనే పిల్లలు ఎగిరాయి. ఐదు పోయాయి. నిన్న పొద్దున జిమ్ దగ్గర గూట్లో మూడు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. సాయంత్రానికి గూడు బోసిగా ఉంది. రాత్రి అన్నం సయించలేదు.

మా ఆవిడేమో "పొద్దూమాపూ గుడ్లప్పగించి చూస్తే దిష్టి తగలదా" అంటోంది. మూడో అంతస్తు అంకుల్ "వీడు చెయ్యి పెట్టుంటాడు, మనిషి వాసన తగిలితే తల్లి దగ్గరికి రాదు" అని లిఫ్టులో ఎక్కిన ప్రతివాళ్లకీ చెబుతున్నాడు. ఒక్క గుడ్డు కూడా ముట్టుకోలేదు నేను. తెలిసినవాళ్లు చెప్పండి, ఏడుకి రెండంటే మామూలేనా, లేక తప్పు నాదేనా?

మిర్చిబజ్జీ_బాబు
గూటికో బూడిద గుమ్మడికాయ కట్టు బ్రో.

కాకిగోల
గుడ్లు చూడ్డానికి గుడ్లప్పగించడం. వదినగారి శ్లేషకి ఎవరూ వీరతాడు వెయ్యలేదేం?

రిటైర్డ్_మాస్టారు
అంకుల్ మాట కొట్టిపారెయ్యకండి. మా అనకాపల్లి ఇంట్లో అద్దం వెనక పిచ్చుకలు గూడు పెట్టేవి. గుడ్డు ముట్టుకుంటే పిచ్చుక దాన్ని కిందికి తోసేస్తుందని మా నాయనమ్మ మమ్మల్ని ఆ గోడ దరిదాపులకు కూడా రానిచ్చేది కాదు. ఒకసారి మా తమ్ముడు ముట్టుకున్నాడు. మర్నాడు గుడ్డు కింద పడి పగిలి ఉంది. నా కళ్లతో చూశాను.

హరిత_హెసరఘట్ట
మాస్టారూ, ఆ గుడ్డును మీ తమ్ముడే తిరిగి పెట్టేటప్పుడు అంచుకి పెట్టి ఉంటాడు :)

రెండు సీజన్లు గూళ్ల మీద ఫీల్డ్ పని చేశాను కాబట్టి కాస్త పెద్దగా రాస్తా. పికిలి, పిచ్చుక లాంటి పాడే పిట్టలు మనిషి వాసన తగిలిందని గూడు వదిలెయ్యవు. పరిశోధనలో పిల్లల్ని చేత్తో తీసి, గుడ్డసంచిలో వేసి తూకం చూసి, కాలికి రింగు తొడిగి మళ్లీ గూట్లో పెడతారు. మనం అటు తిరగ్గానే తల్లి పురుగు పట్టుకుని వచ్చేస్తుంది. అటవీ శాఖ అనుమతి, శిక్షణ ఉన్నవాళ్లు చేసే పని అది, మనం చెయ్యకూడదు. కానీ వాసన కథ మాత్రం నిజం కాదు.

అలికిడికి వదిలెయ్యడం నిజం. అది కూడా ఏ దశలో అన్నదాన్ని బట్టి. గూడు కడుతుండగానో, మొదటి గుడ్డు పెట్టిన రోజుల్లోనో ఎవరో పదే పదే వచ్చి తొంగిచూస్తుంటే వదిలేసి వేరే చోట మొదలుపెడతాయి. అప్పటికి వాటికి పోయేది నాలుగు పుల్లలు, ఒక గుడ్డు. పన్నెండు రోజులు పొదిగాక, పిల్లలకి మేత పెడుతున్నప్పుడు అంత తేలిగ్గా వదలవు.

గిన్నెలా పైకి తెరుచుకుని ఉండే గూళ్లు మన వేడి దేశాల్లో సగానికి పైగా పోవడం మామూలే. కాకి, జెముడుకాకి, ఉడుత, తొండ, పాము, ఎలుక, పిల్లి. ఎవరి వంతు వాళ్లది. కాబట్టి ఏడుకి రెండు అని వినగానే నేనేమీ ఉలిక్కిపడలేదు.

ఉలిక్కిపడింది "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి" దగ్గర. శ్రీను గారూ, గూట్లోకి ఎలా చూస్తారు? ఎంత దగ్గరికి వెళ్తారు?

యలహంక_శ్రీను
సెల్ఫీ స్టిక్‌కి ఫోన్ పెట్టి గూటి పైన పట్టుకుని వీడియో తీస్తా. ఒక్క నిమిషం. మరీ అయితే రెండు.

హరిత_హెసరఘట్ట
అయ్యో.

కాకిగోల
ఆ "అయ్యో"లో రెండు పేజీలు ఉన్నాయి.

హరిత_హెసరఘట్ట
ఉన్నాయి. రాస్తున్నా, ఆగండి.

మీరు కంచె దగ్గర నిలబడి కర్ర పైకెత్తితే ఎదురుగా నీళ్ల ట్యాంకు మీద కాకి కూర్చుని చూస్తుంది. "ఈయన రోజూ ఏడున్నరకి ఇక్కడ ఏదో వెతుకుతున్నాడు, ఏముందబ్బా" అనుకుంటుంది. కాకిని తక్కువ అంచనా వెయ్యకండి. మేం అయితే ముందు చుట్టూ చూసేవాళ్లం. కాకి గానీ జెముడుకాకి గానీ కనబడితే ఆ గూటి వైపు తల కూడా తిప్పేవాళ్లం కాదు. ఒక దారిన వెళ్లి ఇంకో దారిన బయటికి. వెళ్లినదారినే వెనక్కొస్తే గడ్డి నలిగి సరిగ్గా గూటి దగ్గర ఆగిపోయే బాట పడుతుంది, పిల్లికి బోర్డు పెట్టినట్టే. గూడు లేని పొదల దగ్గర కూడా ఊరికే ఆగేవాళ్లం. చూసేవాడికి ఏది నిజం గూడో తెలియకూడదు.

మూడు నాలుగు రోజులకి ఒకసారి చూస్తే లెక్కలకి చాలు. కర్రకి చిన్న అద్దం కట్టి, పది సెకన్లు. మిగతాదంతా పది పదిహేను మీటర్ల దూరం నుంచి బైనాక్యులర్‌తో. పిల్లలకి ఎనిమిది తొమ్మిది రోజులు దాటాక అద్దం కూడా వద్దు. బెదిరి ముందే దూకేస్తాయి. దూకినదాన్ని మళ్లీ గూట్లో పెట్టినా ఉండదు.

తులసి_వైట్‌ఫీల్డ్
మా బాల్కనీలో కూడా ఇదే రకం గూడు పెట్టింది, ఆరెలియా కుండీలో. నేను రోజూ నీళ్లు పోస్తా. మానెయ్యాలా?

హరిత_హెసరఘట్ట
మానక్కర్లేదండీ. మీరు రోజూ అదే టైముకి వచ్చి అదే పని చేసి పోతారు, దానికి అలవాటైపోతుంది. తెలిసే మీ కుండీ ఎంచుకుంది. నిలబడి గూట్లోకి చూడకండి, అంతే.

కంప్యూటర్_కిట్టు
ఏడు గూళ్లతో ఎవరూ ఏమీ తేల్చలేరు. 2/7 అంటే 29 శాతం అని ఎవరైనా రాసే లోపు చెబుతున్నా. శాంపిల్ చాలా చిన్నది.

మిర్చిబజ్జీ_బాబు
రాసేశారుగా, మీరే.

హరిత_హెసరఘట్ట
కిట్టు గారు అన్నది నిజమే, కానీ అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. ఆ 29 కూడా ఎక్కువ చేసి చూపిస్తున్న అంకె. శ్రీను గారికి కొన్ని గూళ్లు పిల్లలు పుట్టాక దొరికి ఉంటాయి. అంతవరకు బతికింది కాబట్టే దొరికింది. గుడ్లు పెట్టిన మూడోరోజే పోయిన గూళ్లు ఎవరి లెక్కలోకీ రావు. దీన్ని హెరాల్డ్ మేఫీల్డ్ అనే ఆయన 1961లో సరిచేశాడు. గూళ్లు కాదు, గూడు-రోజులు లెక్కపెట్టమన్నాడు. ఒక్కో గూటిని ఎన్ని రోజులు చూశారో కలపండి, పోయినవాటిని దానితో భాగించండి. ఒక్కరోజులో గూడు పోయే అవకాశం వస్తుంది.

శ్రీను గారూ, గూటివారీ రోజులు ఇస్తారా?

యలహంక_శ్రీను
1: 8 రోజులు (పిల్లలున్నప్పుడే దొరికింది, ఎగిరాయి)
2: 14, పోయింది
3: 11, పోయింది
4: 6, పోయింది
5: 15, పోయింది
6: 21, ఎగిరాయి
7: 9, పోయింది. నిన్నటిది.

కంప్యూటర్_కిట్టు
మొత్తం 84 రోజులు, 5 నష్టాలు. రోజుకి 5/84 అంటే సుమారు 6 శాతం పోతున్నాయి, 94 శాతం నిలుస్తున్నాయి. మొదటి గుడ్డు నుంచి పిల్లలు ఎగిరేదాకా ఎన్ని రోజులు?

హరిత_హెసరఘట్ట
గుడ్లు పెట్టడం, 12 రోజులు పొదగడం, ఇంకో 12 రోజులు పిల్లలు గూట్లో. 25 అనుకోండి.

కంప్యూటర్_కిట్టు
రోజువారీ నిలిచే అంకెని (0.94) దానితోనే 25 రోజులకి 25 సార్లు గుణిస్తే 0.22 వస్తోంది. 29 కాస్తా 22కి దిగింది. సరే, ఒప్పుకుంటున్నా, ఇది బాగుంది. శాంపిల్ మాత్రం ఇంకా చిన్నదే.

అనంత_కరువు
క్రికెట్‌లో నాటౌట్ లెక్క లాంటిది. ఆఖర్లో వచ్చి ఎనిమిది బంతులాడి నాటౌట్‌గా నిలిచినవాణ్ణీ, ఓపెనర్‌నీ ఒకే గాటన కట్టకూడదు.

మిర్చిబజ్జీ_బాబు
ఇన్నాళ్లకి ఈ చర్చలో నాకు అర్థమైన మొదటి వాక్యం.

తులసి_వైట్‌ఫీల్డ్
నాకు లెక్కలొద్దు గానీ ఒకటి చెప్పండి. మా గూట్లో నిన్న పిల్లలు బయటికొచ్చాయి. రెండూ కలిసి మేత తెస్తున్నాయి. ఒకటి వచ్చి పెట్టాక పిల్ల వెనకనుంచి తెల్లటి మూట లాంటిదేదో ముక్కుతో పట్టుకుని మింగేసింది! కలలో కూడా అనుకోలేదు.

హరిత_హెసరఘట్ట
అది పిల్ల రెట్ట. పలచటి సంచిలో కట్టినట్టు వస్తుంది, డైపర్ అనుకోండి. మొదటి రోజుల్లో తల్లీతండ్రీ మింగేస్తాయి, పిల్లల కడుపులో అరగనిది అందులో ఇంకా ఉంటుంది. పెద్దయ్యాక తీసుకెళ్లి దూరంగా పారేస్తాయి. గూడు శుభ్రంగా ఉంటుంది, వాసనకి, తెల్ల మరకలకి ఎవరూ రారు.

తులసి_వైట్‌ఫీల్డ్
మా ఆయనకి చదివి వినిపించాను. మా ఇద్దరు పిల్లలకీ కలిపి ఆయన మార్చిన డైపర్లు నాలుగు. నాలుగోది అత్తగారు చూస్తున్నారని.

ఇంతకీ వాటిలో మగదేదో ఆడదేదో ఎలా తెలుస్తుంది?

హరిత_హెసరఘట్ట
పికిలిలో చూసి చెప్పలేం, రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే ఫీల్డులో కాళ్లకి రంగు రింగులు వేస్తారు. ఎడమకాలు ఎరుపు-పసుపు, కుడికాలు నీలం, ఇలా. అప్పుడు ఏది ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది.

ఈ రింగులు వేసి ఒకే చోట ఏళ్ల తరబడి చూసినావిడ మార్గరెట్ మోర్స్ నైస్. అమెరికాలో, ఒహాయోలోని కొలంబస్‌లో. 1928లో ఇంటి పక్కనున్న తుప్పల్లో సాంగ్ స్పారో అనే పిట్టని పట్టుకుని మొదలుపెట్టింది. యూనివర్సిటీ ఉద్యోగం లేదు, ఇంటినిండా పిల్లలు. 1937లో, 1943లో అచ్చయిన ఆవిడ రెండు సంపుటాలు ఇప్పటికీ ఈ రంగంలో వాళ్లకి పునాది. శ్రీను గారు ఎక్సెల్ గురించి సిగ్గుపడనక్కర్లేదని చెప్పడానికి రాస్తున్నా.

అనంత_కరువు
తండ్రుల గురించి మాట వచ్చింది కాబట్టి. మా ఊళ్లో దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టుకి ముప్పై నలభై గిజిగాడి గూళ్లు వేలాడేవి. కట్టేది మొత్తం మగాడే. గడ్డి పీలిక చీల్చుకుని వస్తాడు, అల్లుతాడు, మళ్లీ పోతాడు, ఐదారొందల సార్లు తిరుగుతాడట. సగం కట్టాక ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, లాగి, పొడిచి చూస్తుంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే లేదు. మా నాన్న బావిగట్టున బీడీ కాల్చుకుంటూ "పెళ్లిచూపులు మనవి కావురా, అవీ" అనేవాడు.

హరిత_హెసరఘట్ట
తర్వాతి కథ కూడా చెప్పండి.

అనంత_కరువు
ఆవిడ లోపల గుడ్లు పెట్టగానే ఈయన పక్క కొమ్మకి ఇంకో గూడు మొదలెడతాడు. ఇంకొకావిడ కోసం.

తులసి_వైట్‌ఫీల్డ్
ఛీ.

మిర్చిబజ్జీ_బాబు
బిల్డరూ అతనే, బ్రోకరూ అతనే.

హరిత_హెసరఘట్ట
దీన్ని లెక్కగా పట్టుకున్నది పక్షి శాస్త్రవేత్త సలీం అలీ. 1930లో ఆయనకి ఉద్యోగం లేదు, బొంబాయి అవతల కిహీంలో సముద్రం ఒడ్డున ఉంటున్నారు. ఇంటి దగ్గర చెట్టుకి గిజిగాళ్లు గూళ్లు కడుతుంటే నిచ్చెన వేసుకుని కూర్చుని నెలల తరబడి చూశారు. సగం కట్టిన గూళ్లని ఆడవి వచ్చి ఎంచుకోవడం, మగది ఒకదాని తర్వాత ఒకటి సంసారం పెట్టడం అలా బయటపడింది. పొదగడం మొత్తం ఆడదే.

ఎందుకు పికిలి తండ్రి మేత మోస్తాడు, గిజిగాడు పెద్దగా మొయ్యడు అంటే, గిజిగాడి పిల్లలు పుట్టేది వానాకాలంలో, చుట్టూ గింజ, పురుగు దండిగా ఉన్నప్పుడు. ఒక్కతే పెంచగలదు. పైగా ముళ్లచెట్టుకి, నీళ్ల మీద, గొట్టం లాంటి ద్వారంతో గూడు. కాపలా పని గూడే చేస్తుంది. పికిలిది అరచేయంత గిన్నె. ఇద్దరూ లేకపోతే గట్టెక్కదు. నేను దీన్ని అలా అర్థం చేసుకున్నాను, వేరేగా చెప్పేవాళ్లూ ఉంటారు.

రాయచోటి_రెడ్డి
మా తోటలో మట్టిరంగు పిట్టలు ఉంటాయి, ఏడెనిమిది కలిసి నేల మీద గంతులేస్తూ పొద్దస్తమానం గొడవపడతాయి. ఇంగ్లీషువాళ్లు ఏడుగురు అక్కచెల్లెళ్లు అంటారు. వాటిలో ఒకే గూటికి నాలుగైదు మేత తేవడం చూశాను. ఏది తల్లి?

హరిత_హెసరఘట్ట
ఒకటే తల్లి. మిగతావి బాబాయిలు, అత్తలు, పోయినేటి పిల్లలు. ఉమ్మడి కుటుంబం. ఇలాంటివాటికి "గూటి దగ్గర సాయగాళ్లు" అని పేరు పెట్టి 1935లో రాసింది అలెగ్జాండర్ స్కచ్ అనే పక్షి శాస్త్రవేత్త, మధ్య అమెరికా అడవుల్లో చూసి. మన రెడ్డి గారి పిట్టల్ని 1970ల్లో గాస్టన్ అనే ఆయన ఢిల్లీలో చూశాడు. సొంత పిల్లల్ని కనకుండా తమ్ముళ్లకి ఎందుకు మేత పెడతాయన్నదానికి హామిల్టన్ అనే జీవశాస్త్రవేత్త 1964లో చెప్పిన సమాధానం, తమ్ముడిలోనూ తన రక్తమే సగం ఉందని.

రిటైర్డ్_మాస్టారు
ఇది చెప్పడానికి 1964 దాకా ఆగాలా? మా మేనత్త పెళ్లి మానుకుని మా ఆరుగుర్నీ పెంచింది.

కాకిగోల
నా పేరు సార్థకం చేసుకునే ఘడియ వచ్చింది. శాస్త్రం ప్రకారం కాకి పాడే పిట్టల వర్గంలో ఉంది. కోకిల లేదు. నమ్మకపోతే హరిత గారిని అడగండి.

మిర్చిబజ్జీ_బాబు
ఏం చెప్పినా నమ్మే స్థితికి వచ్చేశాను ఈ పాటికి.

హరిత_హెసరఘట్ట
నిజమే. వర్గం తేల్చేది గొంతులోని కండరాల నిర్మాణం, తియ్యదనం కాదు. కాకి, పిచ్చుక, పికిలి, తేనెపిట్ట ఒక వైపు. కోకిల వేరే కుటుంబం. పైగా పెంపకం పని మొత్తం కాకికే అప్పగిస్తుంది. కాకి గుడ్డు పిగలడానికి 16, 17 రోజులు, కోకిల గుడ్డుకి 12 నుంచి 14. రెండు మూడు రోజులు ముందే పుట్టి మేతకి ముందు వరసలో కూర్చుంటుంది.

రిటైర్డ్_మాస్టారు
అందుకే సంస్కృతంలో కోకిలకి పరభృతమని పేరు, పరులు పెంచినది అని. కాకి పిల్ల కాకికి ముద్దు అంటాం. కాకికి కోకిల పిల్ల కూడా ముద్దే, పాపం.

యలహంక_శ్రీను
రెండు రోజులు కనబడలేదు, క్షమించాలి. చర్చ ఎక్కడెక్కడికో వెళ్లింది, బాగుంది. నేను ఈలోగా పోయిన ఐదు గూళ్ల వెనక పడ్డాను.

ఏడో గూడు జిమ్ కెమెరాకి కనబడే చోటే ఉంది. సెక్యూరిటీ అతన్ని బతిమాలి చూశాను. పొద్దున 11:40కి జెముడుకాకి నడుచుకుంటూ వచ్చి పొదలోకి దూరింది. ఐదు నిమిషాలు. పికిళ్లు రెండూ దాని నెత్తిన ఎగురుతూ అరుస్తూనే ఉన్నాయి. ఒకటి నేలమీద పడి రెక్క విరిగినట్టు కొట్టుకుంది కూడా. జెముడుకాకి అటు చూడనైనా లేదు.

మూడో గూడు ఏప్రిల్‌లో వడగళ్లు పడ్డ సాయంత్రం పోయింది, అది నాకు అప్పుడే తెలుసు.

రెండోది, ఐదోది. ఇక్కడే నాకు మతిపోయింది. రెండూ కంచె మొక్కలవి. రెండూ పోయిన తేదీలు మెయింటెనెన్స్ రిజిస్టర్‌లో చూస్తే కంచె కత్తిరించిన రోజులు. నేను సాయంత్రం వచ్చి ఖాళీ గూడే చూశా గానీ కొమ్మలు పొట్టిగా ఉన్న సంగతి పట్టించుకోలేదు. మూడు నెలలుగా ఎక్సెల్‌లో గాలి, వాన, ఉష్ణోగ్రత అన్నీ రాశాను. కత్తెర ఒక్కటీ రాయలేదు.

నాలుగోది మాత్రం నాదే అనుకుంటా. కడుతుండగానే దొరికింది. మొదటిదాన్నుంచీ చూడొచ్చని సంబరపడి రోజుకి మూడుసార్లు కూడా వెళ్లాను. ఒక్క గుడ్డు పెట్టింది, అంతే.

తులసి_వైట్‌ఫీల్డ్
కానీ మాది కూడా మొదటి రెండు రోజులు గుడ్డు మీద కూర్చోలేదు. వదిలేసిందని బెంగపడ్డా. మూడో గుడ్డు పెట్టాక కూర్చుంది.

హరిత_హెసరఘట్ట
తులసి గారు చెప్పింది సరైనదే. రోజుకి ఒక గుడ్డు చొప్పున పెట్టి, దాదాపు అన్నీ అయ్యాకే పొదగడం మొదలెడతాయి, పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి రావాలని. ఒకటి రెండు రోజులు చల్లగా ఉన్న గుడ్డు వదిలేసిన గుడ్డు కాదు. కానీ శ్రీను గారి నాలుగో గూడు ఆరు రోజులు. అది వదిలేసిందే. మీవల్లే అని రుజువు లేదు, మీవల్ల కాదనీ చెప్పలేను. ఎక్సెల్‌లో "పరిశీలకుడి అలికిడి, బహుశా" అని రాయండి. మా నోటుపుస్తకాల్లోనూ అలాంటి వరుసలు ఉన్నాయి.

రాయచోటి_రెడ్డి
కత్తిరించినవాళ్ల మీద కంప్లైంట్ ఇవ్వండి. 1972 వన్యప్రాణి చట్టంలో పక్షుల గుడ్లు పాడుచెయ్యడం, గూళ్లు కదిలించడం వేట కిందికే వస్తుంది.

మిర్చిబజ్జీ_బాబు
ఆ లెక్కన సెల్ఫీ స్టిక్ కూడా వేట కిందికే వస్తుంది రెడ్డిగారూ, శ్రీనుని కాస్త చూసి కాపాడండి.

రిటైర్డ్_మాస్టారు
కంప్లైంటు ఎవరి మీద? మాలి మీద పడుతుంది. కత్తిరించమని చెప్పినవాళ్లు ఏసీలో కూర్చుంటారు. ముందు అతనితో మాట్లాడండి నాయనా.

రాయచోటి_రెడ్డి
మాస్టారూ, మాట్లాడితే వినే అసోసియేషన్ బెంగళూరులో ఉందా? మా దగ్గర మూడుసార్లు చెప్పాం. చట్టం కాగితం చూపించాకే ఆగారు.

రిటైర్డ్_మాస్టారు
కాగితం అసోసియేషన్‌కి చూపించండి. మాలికి టీ ఇప్పించండి.

యలహంక_శ్రీను
టీ ఇప్పించాను. రాయదుర్గం మనిషి, తెలుగు కన్నడ రెండూ మాట్లాడతాడు. విన్నాక నన్ను ఎగాదిగా చూసి "మీకు ఏడే కనిపించినాయా సార్? నాకు పదకొండు తెలుసు" అన్నాడు.

ఏ కొమ్మకి ఎప్పుడు కట్టిందో వేళ్ల మీద చెప్పాడు. తనకి కనబడ్డ గూడున్న చోట ఒక కొమ్మ వదిలేసి కత్తిరిస్తాడట. ఆ రెండుసార్లూ కత్తిరించింది తను కాదు, సెలవులో ఉన్నాడు, బయటినుంచి మిషన్‌తో వచ్చినవాళ్లు. నేను మూడు నెలలు అతని పక్కనుంచి రోజూ నడిచి వెళ్లాను, ఒక్కసారి కూడా అడగలేదు.

ఇప్పుడు ఎనిమిదో గూడు చూపించాడు, మందార చెట్టులో. రెండు పిల్లలు, వారం వయసు. సెల్ఫీ స్టిక్ ఇంట్లో పెట్టేశాను. ఎదురు బ్లాక్ మెట్ల మీద కూర్చుని చూస్తున్నా, పదిహేను మీటర్లు ఉంటుంది.

కంప్యూటర్_కిట్టు
దూరం నుంచి చూస్తే మేత లెక్క మారిందా?

యలహంక_శ్రీను
అదే రాద్దామనుకున్నా. పాత వీడియోల్లో గంటకి మూడు నాలుగుసార్లు వచ్చేవి. ఇప్పుడు ఎనిమిది తొమ్మిది. పిల్లలు పెద్దవయ్యాయి కాబట్టి కొంత, నేను నిలబడి లేను కాబట్టి కొంత. ఏది ఎంతో తెలీదు.

హరిత_హెసరఘట్ట
అందుకే మేం కూర్చున్నాక మొదటి పదిహేను నిమిషాలు లెక్కలోంచి తీసేసేవాళ్లం. ముక్కులో పురుగు పట్టుకుని పక్క కొమ్మ మీద మీరు పోయేదాకా ఆగుతుంది. ప్రతి రాకపోకా గూటి అడ్రస్ చెప్పేస్తుందని వాటికి తెలుసు. స్కచ్ 1949లో చెప్పిందీ అదే, ఉష్ణదేశాల పిట్టలు తక్కువ గుడ్లు పెట్టేది మేత చాలకే కాదు, ఎక్కువ పిల్లలుంటే ఎక్కువ తిరగాలి, తిరిగితే దొంగ కనిపెడతాడు అని. డేవిడ్ లాక్ అనే ఇంగ్లండు పక్షి శాస్త్రవేత్త అంతకు రెండేళ్ల ముందు వేరేలా చెప్పాడు, ఎన్నిటికి మేత పెట్టగలదో అన్నే గుడ్లు అని. ఆక్స్‌ఫర్డ్ దగ్గర వైథమ్ అడవిలో 1947 నుంచి గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట గూళ్లు చూస్తూనే ఉన్నారు, అక్కడ ఒక్కో గూట్లో ఎనిమిది తొమ్మిది గుడ్లు. మన పికిలికి రెండు మూడు. వాదన ఇంకా నడుస్తోంది.

మిర్చిబజ్జీ_బాబు
మొదట్లో పురుగులు పెట్టి తర్వాత పళ్లు పెడుతుందా? మా గోడమీద జామకాయ ముక్కలు తెస్తోంది ఒకటి.

హరిత_హెసరఘట్ట
అవును. చిన్నప్పుడు గొంగళిపురుగులు, మెత్తటి పురుగులు. కండ పట్టాలి కదా. పెద్దయ్యేకొద్దీ పళ్లు. మందు కొట్టిన తోటలో గూడు పెట్టిందంటే అందుకే కష్టం.

యలహంక_శ్రీను
ఇవాళ పొద్దున మందారంలో గూడు ఖాళీ. మళ్లీ. మెట్ల మీద కూర్చుని రాస్తున్నా.

హరిత_హెసరఘట్ట
ఆగండి. పిల్లల వయసు 12 రోజులు కదా. గూడు చిరిగి, ఒక పక్కకి వాలి ఉందా? లేక ఆకారం అలాగే ఉండి అంచు చదునుగా తొక్కినట్టు ఉందా?

యలహంక_శ్రీను
చదునుగా ఉంది. అంచు మీద రెండు మూడు రెట్టలు.

హరిత_హెసరఘట్ట
అయితే గూడు వైపు చూడకండి. పెద్దవి ఎటు వెళ్తున్నాయో చూడండి. ముక్కులో ఏదైనా ఉందా?

యలహంక_శ్రీను
ఉంది!! ఆకుపచ్చ పురుగు. పార్కింగ్ వైపు కరివేపాకు చెట్టులోకి దూరింది. లోపల నుంచి చిన్న గొంతు వినబడుతోంది. ఇంకోటి మా బ్లాక్ చెప్పుల స్టాండ్ మీద కూర్చుని ఉంది, తోక సరిగ్గా రాలేదు, మూడో అంతస్తు అంకుల్ చెప్పు మీద. అంకుల్ దాన్ని గూట్లో పెడతానంటున్నాడు.

తులసి_వైట్‌ఫీల్డ్
వద్దని చెప్పండి!!

హరిత_హెసరఘట్ట
ముట్టుకోవద్దనండి. దిక్కులేక పడిపోలేదు అది, ఇల్లు వదిలింది. తల్లీతండ్రీ ఇంకా కొన్నాళ్లు వెంటపడి మేత పెడతాయి. పిల్లి ఉంటే దాన్ని తరమండి, మనుషుల్ని దూరంగా ఉంచండి, చాలు.

యలహంక_శ్రీను
అంకుల్ ఉత్తి కాళ్లతో లిఫ్ట్ ఎక్కాడు. గంటన్నరకి పిల్ల ఎగిరి గోడ మీదికి వెళ్లింది. ఇప్పుడే ఆయన చెప్పులు ఇంటికి చేర్చి వచ్చాను.

కంప్యూటర్_కిట్టు
ఎనిమిదికి మూడు. గూడు-రోజులు పంపండి, మళ్లీ వేస్తా.

యలహంక_శ్రీను
రాత్రికి పంపుతా. మాలి చెప్పిన మిగతా మూడు గూళ్లకి తేదీలు కూడా అడిగి రాసుకుంటున్నా. రేపు రెండో గేటు దగ్గర ఆకులు కుట్టిన గూడు ఒకటి చూపిస్తానన్నాడు.

తులసి_వైట్‌ఫీల్డ్
బైనాక్యులర్ ఏది కొన్నారు? నాకూ కావాలి.

మిర్చిబజ్జీ_బాబు
దిష్టి వదిన కొననిచ్చిందా అసలు?

యలహంక_శ్రీను
కొననివ్వడమేంటి, పొద్దున్నుంచి ఆవిడ చేతిలోనే ఉంది. నాకు అడిగితే ఐదు నిమిషాలు ఇస్తోంది.